బడికీ ఇంటికీ మధ్య ఒక నోటుబుక్కు

ఒంటి వేడి: ముప్ఫై ఆరు పాయింట్ ఆరు.
పొద్దున తిన్నది: సగం అరటిపండు,
నా పళ్ళెంలోంచి లాక్కున్న రొట్టె అంచు.
నిద్ర: బాగానే పోయింది. నాకే లేదు.
ఆఖరి మాట కొట్టేశాను.
కొట్టేసినా కనిపిస్తోంది.

ఒతారులో, కొండవాలు మీది చంటిపిల్లల బడికి
పిల్లతో పాటు రోజూ ఈ నోటుబుక్కూ వెళుతుంది.
ఎర్ర అట్ట, మూలన పాలమరక.
పొద్దున నేను రాస్తాను,
సాయంత్రం హోరియుచి టీచరు రాస్తుంది.
నలభై దగ్గరపడ్డాక
నాకు మళ్ళీ అక్షరాభ్యాసం.

మొదటి నెలలో
"మా ఇంట్లో ముగ్గురం" అని రాయబోయాను.
ఈ భాషలో మనుషుల్ని లెక్కపెట్టే మాట వేరు,
చేపల్ని లెక్కపెట్టేది వేరు,
పలచటి వాటికి ఇంకోటి.
"మా ఇంట్లో మూడు కాగితాలం" అని రాశాను.
టీచరు దిద్దలేదు.
కింద ఎర్రసిరాతో సుడులు తిరిగే పువ్వొకటి వేసి
"గాలికి ఎగిరిపోకండి" అంది.
ఇగ్నాసియా ఆ పేజీ ఫోటో తీసి
చిలోయె దీవిలో వాళ్ళక్కలందరికీ పంపింది.
ఇప్పటికీ ఫోన్ ఎత్తగానే వాళ్ళు
"ఏం కాగితాలూ, కులాసానా?"

డిసెంబరు.
రాత్రంతా కురిసిన మంచు
తలుపుకి అడ్డంగా పడుకుని లేవనంది.
నేను పార అందుకున్నాను.
అమయా తన పార అందుకుంది,
అన్నం గరిటెంత పార.
నేను పక్కకి ఎత్తిపోసిందంతా
తను మళ్ళీ దారిలోకి ఎత్తిపోసింది.
ఎదురింటి ఒకుయామా తాత కాసేపు చూసి,
ఏమీ అనకుండా తన వాకిలి వదిలేసి
మా వాకిలి మొదలుపెట్టాడు.
ఆలస్యానికి కారణం అనే గడిలో
ఆ రోజు "సహాయం" అని రాశాను.

ఇంకో రోజు ఒంటి వేడి నలభై రెండు!
గుండె జారిపోయింది.
దుప్పటి కింద వెతికితే
వేడినీళ్ళ సీసా దొరికింది.
నేరం ఒప్పుకోలేదు గానీ
కళ్ళు గట్టిగా మూసుకుంది.
ఇద్దరం ఒకర్నొకరం చూసుకుని
ముగ్గురం సెలవు పెట్టేశాం.

సెప్టెంబరు పేజీ మధ్యలో మట్టివేళ్ళ ముద్ర ఉంది.
బంగాళాదుంపలు తవ్వడానికి తీసుకెళ్ళారు.
"అమయా అన్నిటికీ పేర్లు పెట్టింది,
ఒక్కటీ వండనివ్వలేదు" అంది టీచరు.
అది మా రక్తంలోనే ఉంది టీచరుగారూ,
మా దీవిలో దుంపలకి నిజంగానే పేర్లుంటాయి,
నల్లది, వంకరది, వర్షానికి అలిగేది
అని రాద్దామనుకున్నాను.
"నల్లది" దాకానే వచ్చింది నాకు.
మిగతాది బొమ్మ వేశాను.

కొన్నిసార్లు రాయడానికేమీ ఉండదు.
తిండి మామూలే, వేడి మామూలే.
హోటల్లో రాత్రి డ్యూటీ చేసి వచ్చిన ఇగ్నాసియా
గడప మీద కూర్చుని ఒక బూటు విప్పింది,
రెండోది విప్పకుండానే గోడకి ఒరిగి నిద్రపోయింది.
పిల్ల వచ్చి ఆ రెండోది
చప్పుడు కాకుండా విప్పింది.
దీనికి గడి లేదు.

నిన్న సాయంత్రం పేజీ:
"మీ భాషలో కుక్కని ఏమంటారో
అమయా ఈ రోజు అందరికీ నేర్పింది.
మధ్యాహ్నం పడుకునే వేళ
పదకొండు దుప్పట్ల కింద నుంచి ర్ర్ర్ర్.
ఒక్కరూ కన్ను మూయలేదు.
నాకు మాత్రం ఎంత తిప్పినా నాలుక తిరగలేదు."

తప్పు చెప్పుకోవాలి కదా, పెన్ను తీశాను.
లోపల నీళ్ళతొట్టిలో
తల్లీకూతుళ్ళు గడ్డం దాకా మునిగి
బండి ఱ మీద రాళ్ళబాటన బండి తోలుతున్నారు,
పెర్ర్రో, పెర్ర్రో.
"క్షమించండి" అన్న మాటలో
ఒక గీత ఎటు తిప్పాలో నాకెప్పుడూ గుర్తుండదు.
"అమయా, ఓసారి ఇలా రా."
తువ్వాలు ఈడ్చుకుంటూ వచ్చి
తడి వేలితో పేజీ మీదే గీసి చూపించింది.
సిరా అంతా అలుక్కుపోయింది.

అలాగే పంపిస్తున్నాను.